మోకాటి నొప్పియు, విదేశ చికిత్సయు, సంఘపు ఋణమును

ఇటీవల మన సంఘ కార్యాలయమునకు వచ్చిన ఋణపు దరఖాస్తులలో ఒక క్రొత్త తరహాది కన్పట్టినది. అది విత్తనములకు కాదు, ఎరువులకు కాదు, బోరుబావికి కాదు, పాడిగేదెకును కాదు. మోకాటి నొప్పికి విదేశమున సూదిమందు వేయించుకొని వచ్చుటకు రెండెకరముల మాగాణి తనఖా పెట్టెదనని ఒక సభ్యుడు వ్రాసికొనినాడు. దానికి జతపఱచిన కాగితములో రంగురంగుల బొమ్మలును, అరిగిన గుజ్జు మరల మొలచునను వాగ్దానమును కలవు. ఆయన పేరు ఇచ్చట అవసరము లేదు. ఆయన బాధ నిజమైనది. సంఘమునకు బాకీ ఎన్నడును నిలువ యుంచినవాడు కాడు. అయినను ఇట్టి యాత్రకు సంఘము అప్పు ఈయరాదని మేము తలంచుచున్నాము. ఏల ఇట్లు తలంచుచున్నామో సభ్యుల యెదుట విపులముగా నుంచుట మా విధి. నేడు ఒకరు అడిగినారు, రేపు పదుగురు అడుగుదురు. నడివయస్సు దాటినవారిలో మోకాళ్లు నొప్పి లేనివారు మన గ్రామములలో ఎందఱున్నారు?

సేద్యము మోకాళ్లతో చేయు పని. గట్టు వేయుట, బస్తా మోయుట, బురదలో కాలు దిగబడి పైకి లాగుట, గంటలకొలది గొంతుకూర్చుండి కలుపు తీయుట, ఇవియన్నియు మోకాటి కీలుపై పడు బరువులే. గొంతుకూర్చుండు పనియు, బరువులెత్తు పనియు ఏండ్ల తరబడి చేయువారికి ఈ వ్యాధి హెచ్చని వైద్యులు ఎప్పుడో గుర్తించినారు. పురుషులకంటె స్త్రీలకే ఇది ఎక్కువ. నాట్లు వేయునది స్త్రీలు, కలుపు తీయునది స్త్రీలు, తెల్లవాఱుజామున పొయ్యి రాజేయునదియు స్త్రీలు. విదేశ చికిత్సకై వచ్చిన దరఖాస్తు మాత్రము పురుషునిది. ఈ మాట ప్రసంగవశమున చెప్పితిమి గాని, చెప్పదగినదే.

గుజ్జు అని మనము వాడుకగా పిలుచునది నిజమునకు గుజ్జు కాదు. ఎముకల కొనలను కప్పియుండు నున్నని మెత్తని పొర. వైద్యులు దానిని మృదులాస్థి యందురు. బండి ఇరుసునకు కందెన ఎట్లో కీలునకు అది అట్లని కొందఱు చెప్పుదురు. ఆ పోలిక సగమే నిజము. కందెన అయిపోయిన మరల రాయవచ్చును. ఈ పొరకు రక్తనాళములు లేవు, నరములు లేవు. చర్మము తెగిన మానును, ఎముక విఱిగిన అతుకుకొనును, రక్తము పాఱు చోటనే మరమ్మతు జరుగును గదా. రక్తము పాఱని ఈ పొర ఒకసారి అరిగినచో తనంత తాను పూడుకొనుట మిక్కిలి అరుదు. అరిగిన పిదప దాని క్రింది ఎముకయు, చుట్టునున్న పొరలును వాచి నొప్పి కలిగించును.

ఈ బలహీనతనే ఆధారముగా గైకొని మూలకణ చికిత్స అనునది బయలుదేరినది. ఎముకలోని మూలుగనుండి గాని, పొట్టక్రింది క్రొవ్వునుండి గాని, ప్రసవ సమయమున లభించు బొడ్డుత్రాడునుండి గాని కణములను తీసి, కొన్ని చోట్ల వానిని ప్రయోగశాలలో పెంచి, మోకాటిలోనికి సూదితో ఎక్కింతురు. విత్తనము చల్లిన పైరు మొలచినట్లు ఆ కణములు అరిగిన చోట నాటుకొని క్రొత్త పొరగా ఎదుగునని ప్రకటనలు నమ్మించును. రైతునకు ఈ మాట ఇట్టే మనసునకు పట్టును. కాని పరిశోధకులు కనుగొనినది వేఱు. ఎక్కించిన కణములలో అధికభాగము కొలదిరోజులలోనో వారములలోనో నశించును. ఏదైన మేలు కలిగినయెడల అవి విడుచు ద్రవ్యముల వలన వాపు తగ్గుటచేతనే కావచ్చునని వారి తలంపు. అనగా అది విత్తనము చల్లుట కాదు. తెగులునకు మందు కొట్టుట వంటిది. మందు ప్రభావము ఎంతకాలముండునో రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పరీక్షలు ఏమి చెప్పినవి? అమెరికాలో 475 మంది రోగులపై ఒక పెద్ద పరీక్ష జరిపి దాని ఫలితములను 2023లో ప్రకటించినారు. కొందఱికి మూలుగ కణములు, కొందఱికి క్రొవ్వు కణములు, కొందఱికి బొడ్డుత్రాటి కణములు, మిగిలినవారికి ఎప్పటినుండియో వాడుకలోనున్న చవుక స్టెరాయిడు సూది. ఏడాది గడచిన పిదప చూడగా కణముల సూదులలో ఏ ఒక్కటియు స్టెరాయిడు సూదికంటె నొప్పిని ఎక్కువ తగ్గింపలేదు. రోగి రక్తమునే తీసి, యంత్రములో త్రిప్పి, మరల మోకాటిలోనికి ఎక్కించు పి.ఆర్.పి. అను వేఱొక పద్ధతి కలదు. దానిని ఆస్ట్రేలియాలో 288 మందిపై ఉప్పునీటి సూదితో పోల్చి చూచినారు. 2021లో వెలువడిన ఆ ఫలితములో నొప్పి విషయమునగాని, మృదులాస్థి పరిమాణ విషయమునగాని చెప్పుకొనదగిన భేదము కన్పడలేదు. 2025లో కాక్రేన్ అను సంస్థవారు మూలకణ పరీక్షలన్నింటిని కలిపి పరిశీలించి, నొప్పి స్వల్పముగా తగ్గవచ్చును గాని ఆ మాటను గట్టిగా చెప్పుటకు సాక్ష్యము చాలదనినారు. ఇది శూన్యమని మేము చెప్పుట లేదు. శాస్త్రము ఇంకను ముందుకు సాగుచున్నది, సాగవలెను. శూన్యము కాకపోయినంత మాత్రమున రెండెకరముల మాగాణితో సమానమగునా అనుటయే మా ప్రశ్న.

అట్లయిన, వెళ్లి వచ్చినవారు బాగైనదని చెప్పుదురేమి? వారు అబద్ధమాడుట లేదు. 2002లో హ్యూస్టను నగర వైద్యులు 180 మంది మోకాటి రోగులపై జరిపిన పరీక్షా ఫలితములు వెలువడినవి. కొందఱికి గొట్టము దూర్చి కీలును కడిగి శుభ్రపఱచినారు. కొందఱికి చర్మముపై కోతలు మాత్రము పెట్టి, లోపల ఏమియు చేయక కుట్లు వేసినారు. ఎవరికి ఏది జరిగినదో రోగులకు తెలియదు. రెండేండ్లు గమనింపగా ఇరువర్గములవారి నొప్పియు, నడకయు ఒక్కరీతిగనే యున్నవి. మోకాటి నొప్పి చెఱువులోని నీటిమట్టము వలె హెచ్చుచు తగ్గుచు నుండును. మిక్కిలి హెచ్చినపుడే మనము దూరదేశమునకు పయనమగుదుము, తిరిగి వచ్చుసరికి అది సహజముగనే తగ్గుముఖము పట్టును. అప్పు చేసి, సముద్రము దాటి, తెల్లకోటు వేసికొనిన పెద్ద వైద్యునిచే సూది వేయించుకొనినవానికి గుణము కనబడలేదని చెప్పుటకు నోరు రాదు గూడ.

విదేశములనినంతనే అన్నియు ఒక్కటి కావు. దక్షిణ కొరియా ప్రభుత్వము 2012లో కార్టిస్టెం అను బొడ్డుత్రాటి రక్తపు కణముల మందునకు అనుమతి ఇచ్చినది. ప్రసిద్ధ ఫుట్‌బాలు శిక్షకుడు హిడింకు 2014లో సియోలు నగరమునకు పోయి దానితో చికిత్స చేయించుకొనగా దాని పేరు లోకమంతట వ్యాపించినది. కాని అది సూదిమందు కాదు. కీలును తెఱచి పొర చెడినచోట నింపు శస్త్రచికిత్స. పిమ్మట వారములపాటు ఆ కాలిపై బరువు మోపరాదు. దుక్కిదున్నువానికి ఆ వారములు ఏ కార్తెలో పడునో ప్రకటనలు వ్రాయవు.

ఆ దేశముననే జరిగిన మఱియొక కథను మన సభ్యులు తప్పక వినవలెను. ఇన్వోసా అను మోకాటి సూదిమందునకు 2017లో అక్కడి ప్రభుత్వము అనుమతి ఇచ్చెను. అందులో రెండు ద్రవములు కలవు. రెండవదానిలో ఒక జన్యువును చొప్పించిన మృదులాస్థి కణములున్నవని అనుమతి పత్రములో వ్రాసియున్నది. మూడువేల మందికి పైగా దానిని ఎక్కించుకొనినారు. 2019లో పరీక్షించి చూడగా అవి మృదులాస్థి కణములే కావు, మూత్రపిండమునుండి పుట్టిన కణములని తేలినది. అనుమతి రద్దయినది. ఎక్కించుకొనినవారిని 15 ఏండ్లు గమనించుచుండవలెనని ఏర్పాటు చేయవలసి వచ్చినది. దానివలన గట్టి కీడు జరిగినదని ఋజువు కాలేదనియు, అమెరికాలో నిలిపివేసిన పరీక్షలను 2020లో మరల సాగనిచ్చిరనియు న్యాయముగ చెప్పవలెను. కాని బస్తామీద ముద్ర ఒకటి, లోపల విత్తనము మఱియొకటి యైనప్పుడు ఎట్లుండునో నకిలీ మిరప విత్తనము వేసి నష్టపోయిన రైతునకు తెలియును. ఆ రైతు వచ్చే కారుకు మరల వేసికొనగలడు. మోకాటిలోనికి ఎక్కించినది వెనుకకు తీయుటకు వీలులేదు. ఇది ప్రయోగశాలలును, చట్టములును, అధికారులును గల దేశమున, ప్రభుత్వముద్ర పొందిన మందు విషయమున జరిగినదని గమనింపుడు.

జపాను దేశమున 2014 నుండి ఈ చికిత్సలకు ప్రత్యేక చట్టము అమలులో నున్నది. వైద్యశాలలు తమ పద్ధతిని ఒక సమితికి చూపి, ప్రభుత్వమునకు పత్రము దాఖలు చేసి ఒక సంఖ్యను పొందును. ఆ సంఖ్యను ప్రకటనలలో పెద్దయక్షరములతో వేసికొనువారు కలరు. అది పత్రము దాఖలైనదనుటకు గుర్తు మాత్రమే గాని, వ్యాధి కుదురుననుటకు హామీ కాదు. మన సంఘపు రిజిష్టరులో పేరున్నంత మాత్రమున పంట పండునా?

మెక్సికో దేశపు సంగతి మఱియు దిగులు గొలుపునది. అమెరికానుండి సరిహద్దు దాటి బాహా కాలిఫోర్నియా ప్రాంతమునకు పోయి 2022, 2023 ప్రాంతమున మూలకణములు ఎక్కించుకొని వచ్చిన ముగ్గురికి మొండి సూక్ష్మజీవి సోకినట్లు అమెరికా వ్యాధి నివారణ శాఖవారు 2024లో ప్రకటించిరి. అందులో కీళ్లలోనికి సూది వేయించుకొనినవారు కలరు. సాధారణపు మందులకు లొంగని ఆ జీవికి నెలల తరబడి చికిత్స కావలసి వచ్చును. ఇది మెక్సికోవారి అశ్రద్ధయే యనుకొనుటకును వీలులేదు. 2018లో అమెరికాలోనే బొడ్డుత్రాటి రక్తపు సరకు ఎక్కించుకొనిన 12 మందికి రక్తములోను, కీళ్లలోను, వెన్నులోను క్రిములు ప్రవేశించి అందఱును ఆసుపత్రుల పాలైరి. మూత విప్పని సీసాలను పరీక్షింపగా వానియందే క్రిములు కన్పడినవి.

చట్టము అడ్డుకొనినపుడు సరిహద్దు దాటుట ఈ వ్యాపారమునకు పుట్టుకతో వచ్చిన గుణము. నూఱేండ్లక్రిందట అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున మిల్ఫర్డు అను చిన్న యూరిలో బ్రింక్లీ అను నతడు మేక వృషణములను మనుష్యులకు అతికి యౌవనము తిరిగి తెప్పింతునని 750 డాలర్ల చొప్పున వసూలు చేసెను. అతని రోగులలో రైతులు తక్కువవారు కారు. 1930లో ఆ రాష్ట్రమువారు అతని వైద్యపు అనుమతిని తీసివేసిరి, రేడియో అనుమతియు పోయెను. అతడేమి చేసెను? నదికి ఆవలి గట్టున మెక్సికోలో బ్రహ్మాండమైన రేడియో కేంద్రమును నెలకొల్పి, అచ్చటినుండి ఇవతలి పల్లెలకు తన గొప్ప చాటుకొనసాగెను. నేటి మూలకణ వైద్యులందఱును బ్రింక్లీలని మేమనము. వారిలో నిజమైన శాస్త్రజ్ఞులు కలరు. కాని ఫోనులో తెల్లవాఱకమునుపే వచ్చి పడుచున్న ప్రకటనలను చూచినపుడు ఆ రేడియో స్ఫురింపక మానదు.

ఇక ఖర్చుల మాట. మా సభ్యునికి వచ్చిన కాగితములో సూది వెల యున్నది. విమానపు వెల, వెంటపోవు మనుష్యుని వెల, బసయు భోజనమును, దుబాసీకి ఇచ్చు కూలి, మొదటి సూది చాలదని రెండవదానికి మరల రమ్మన్నపుడు అయ్యెడి వ్యయము, ఇవి లేవు. గంటలకొలది విమానములో కాళ్లు ముడుచుకొని కూర్చుండుట మోకాటి రోగికి సుఖము కాదు సరిగదా, పెద్దవయసువారికి కాలి రక్తము గడ్డకట్టు భయము గూడ కలదు. తిరిగివచ్చిన నెలకు కీలు వాచి జ్వరము వచ్చిన చూచువారెవరు? అక్కడ ఏమి ఎక్కించిరో ఇక్కడి వైద్యునికి తెలియదు. మన దేశపు ఆసుపత్రిలో పొరపాటు జరిగిన జిల్లా వినియోగదారుల కమీషను మెట్లెక్కవచ్చును. విదేశమున జరిగినదానికి ఏ మెట్లెక్కుదుము, ఏ భాషలో మొఱపెట్టుకొందుము?

మన దేశమున ఏమున్నదని అడుగువారికి సమాధానమున్నది. భారత వైద్య పరిశోధన మండలివారు 2017లో వెలువరించిన నియమముల ప్రకారము రక్తవ్యాధులకు చేయు మూలుగ మార్పిడి తక్క మిగిలిన మూలకణ చికిత్సలను పరీక్షలుగా తప్ప సొమ్ముకు అమ్మరాదు. పిమ్మట 2022లో బెంగుళూరున తయారైన ఒక కణ ఔషధమునకు మధ్యరకపు మోకాటి అరుగుదలకై మన ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించినది. దానిని మన దేశమందే 146 మందిపై పరీక్షించినారు. నొప్పి తగ్గినదనియు, పొర మఱింత చెడలేదనియు తయారీదారులు చెప్పుచున్నారు. క్రొత్త పొర మొలచినదని వారును చెప్పుట లేదు. అరుగుదల నాల్గవ దశకు చేరినవారికి అది ఉద్దేశింపబడలేదు. ఆ దశవారినే విదేశపు ప్రకటనలు ఎక్కువగా పిలుచుచున్నవి.

నాల్గవ దశకు చేరి, రాత్రులు నిద్రలేని వారికి ఋజువైన మార్గము కీలు మార్పిడియే. దానిలో అమర్చు లోహపు కీలు వెల ఒకప్పుడు లక్షన్నర దాటుచుండెను. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వమువారు సాధారణపు కోబాల్టు క్రోమియము కీలునకు 54,720 రూపాయలు గరిష్ఠముగ నిర్ణయించిరి. నేటి వెలను ఆసుపత్రిలో వ్రాతపూర్వకముగ అడిగి తెలిసికొనవలెను. ఇట్లు అమర్చిన కీళ్లలో నూటికి సుమారు 82 వంతులు 25 ఏండ్లు పనిచేయునని 2019లో ప్రచురితమైన లెక్క యొకటి చెప్పుచున్నది. అయినను దీనిలోను లోటు కలదు. గొంతుకూర్చుండుట, నేలపై బాసెనపట్టు వేసికొనుట పిదప కష్టము. కలుపు తీయు పని మానుకొనవలసినదే. ఈ సంగతిని కోతకు ముందే చెప్పు వైద్యుని నమ్మవచ్చును.

అంతవఱకు పోనివారు, అనగా మనలో అధికసంఖ్యాకులు, చేయదగినది ప్రకటనలకెక్కదు. దానివలన ఎవరికిని లాభము లేదు గనుక. తొడ ముందుభాగపు కండరమును బలపఱచు వ్యాయామమును వారమునకు కొన్ని దినములు తప్పక చేయుట, శరీరపు బరువు తగ్గించుకొనుట. ఒక కిలో బరువు తగ్గిన, నడచునపుడు అడుగడుగునకు మోకాటిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గును. పొలమున రోజంతయు కష్టపడువానికి మరల వ్యాయామమేమి యని నవ్వుదురు. పని వేఱు, వ్యాయామము వేఱు. పని కీలును నలుపును, వ్యాయామము కీలును మోయు కండను పెంచును. పీటపై కూర్చుండి కలుపు తీయుట, పొడుగు పిడి గల కలుపుతీత పరికరము వాడుట, బస్తాను ఇరువురు పట్టుకొని ఎత్తుట, ఇవి చిన్నవే.

ధనవంతుడు పోయినచో అడ్డగింపరు, రైతు పోదునన్నచో నీతులు చెప్పుదురని ఒక సభ్యుడు మమ్ము నిష్ఠురమాడినాడు. ఆ నిష్ఠురములో న్యాయము లేకపోలేదు. విదేశముననున్న కుమారుడో కుమార్తెయో తమ సంపాదనతో తండ్రిని తీసికొనిపోవుదుమనిన అది వారి యిష్టము. వారికి మేము చెప్పునది యొక్కటే. ఆ మందునకు ఆ దేశపు ప్రభుత్వము మోకాటి వ్యాధికే అనుమతి ఇచ్చినదా, ఇతర చికిత్సతో పోల్చిన పరీక్షా ఫలితములు అచ్చయినవా, కీడు జరిగిన ఎవరు బాధ్యులని వ్రాసియిత్తురా యని అడిగి, వచ్చిన జవాబును మన ప్రభుత్వ ఆసుపత్రిలోని ఎముకల వైద్యునికి చూపుడు. సంఘపు సొమ్ము మాట వేఱు. అది ఒకరిది కాదు. 1904లో సహకార పరపతి చట్టము వచ్చిననాటినుండి మన సంఘములు నిలిచినది ఒకరి పొదుపు మఱియొకరి పంటకు పెట్టుబడి యగుటచేత. ఆ అప్పును పంట తీర్చును. సూదికిచ్చిన అప్పును తీర్చునదేది? నొప్పి తగ్గకున్న మనిషి పని చేయలేడు, రెండెకరములు వేలమునకు వచ్చును, కొనువాడు ఏ పట్నపు షావుకారో అగును. అప్పుడు వాయిదా తప్పినందుకు నోటీసు పంపవలసినవారము మనమే.

కాదని చెప్పి ఊరకుండుట మాత్రము సంఘమునకు తగదు. ధాన్యము అమ్మకపు కమీషనులో మిగులునుండి కొంత తీసి, ఏడాదికి రెండుసార్లు ఎముకల వైద్యునిని, వ్యాయామము నేర్పు ఫిజియోథెరపిస్టును మన గిడ్డంగి ఆవరణకే పిలిపింపవలెను. నాట్లకు పోవు స్త్రీలు సభ్యులు కాకున్నను వారిని ముందు చూపింపవలెను. కలుపుతీత పరికరములను ట్రాక్టరు పనిముట్లవలెనే బాడుగకు ఉంచవలెను. కీలు మార్పిడి తప్పదని ప్రభుత్వ వైద్యుడు వ్రాసియిచ్చినవారికి, భూమి తనఖా లేకుండ, ఇరువురు సభ్యుల జామీనుపై, మితమైన వడ్డీతో చిన్న ఋణము మంజూరు చేయు విషయము ఆలోచింపదగినది. ఈ సూచనలను రాబోవు సర్వసభ్య సమావేశపు చర్చనీయాంశములలో చేర్పవలసినదిగా కార్యవర్గమును కోరియున్నాము. దరఖాస్తు పెట్టిన సభ్యునితో కార్యదర్శిగారు స్వయముగ మాటలాడి జిల్లా ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోవుటకు ఒప్పుకొనినారు. భిన్నాభిప్రాయము గలవారు తమ వాదమును ఈ నెలాఖరులోగా వ్రాసి పంపినచో వచ్చే సంచికలో తప్పక ప్రకటింతుము.